ఊడ్చినట్టు ఆధారం లేదు

పనిచేసే మనిషికి చట్టం రక్షణ ఇవ్వాలంటే ముందుగా పని అంటే ఏమిటో, చేయడం అంటే ఏమిటో, మనిషి అంటే ఎవరో తేలాలి. ఈ మూడూ తేలేదాకా పనిచేసే మనిషి కాస్త ఓపిక పట్టాలి. నాగరిక సమాజం ఈ ఓపిక మీదే నిలబడి ఉంది. ఆ ఓపికకు కొలతలు తీసే బాధ్యత మాది.

మాది అంటే, శ్రమ, ఉద్యోగ చట్టాల అధ్యయన కేంద్రానిది. ముప్పై ఒక్క ఏళ్ళుగా నడుస్తోంది. ఈ కాలంలో 'కార్మికుడు' అనే మాటకు మేము పందొమ్మిది నిర్వచనాలు ఇచ్చాం. మొదటి నిర్వచనం ప్రకారం పనిచేసే ప్రతి ఒక్కరూ కార్మికులే. అది మరీ మోటుగా ఉందని రెండోసారి సవరించాం. అక్కణ్ణుంచి ఒక్కో నిర్వచనానికీ కొంతమంది రాలిపోతూ వచ్చారు. పందొమ్మిదో నిర్వచనం ఎంత కచ్చితంగా కుదిరిందంటే, దానికి సరిపోయే మనిషి ఇంతవరకు దొరకలేదు. (దొరికితే తెలియజేయవలసిందిగా మా పత్రిక వెనక అట్ట మీద ప్రకటన వేశాం. ఇద్దరు ఉత్తరాలు రాశారు. ఇద్దరినీ పరిశీలించి తిరస్కరించాం.)

ఈ కేంద్రంలో నేను రీసెర్చ్ ఫెలోని. ఫెలోలకు పదకొండు నెలల గడువు ఉంటుంది. పన్నెండో నెలను 'ఆలోచనా విరామం' అంటారు. ఆ నెలలో కూడా నేను రోజూ వస్తాను, అదే కుర్చీలో కూర్చుంటాను, అదే పని చేస్తాను. కాకపోతే కాగితాల మీద ఉండను. ఐదేళ్ళుగా ఇలా ఏటా ఒక నెల లేకుండా పోయి, మళ్ళీ పుడుతున్నాను. ఒకసారి విరామంలో ఉండగా జ్వరం వచ్చి సెలవు అడిగితే, లేని మనిషికి సెలవెలా ఇస్తామని ఆఫీసువాళ్ళు అన్నారు. నాకూ అది సమంజసంగానే తోచింది. జ్వరంతోనే వచ్చి కూర్చున్నాను.

ఈ ఏర్పాటు మీద వ్యాసం రాసింది కూడా నేనే. మా డైరెక్టర్ గారు ఆ అంశాన్ని సూచించారు. "మీ గురించి మీరు రాస్తే లోతు వస్తుంది," అన్నారు. నా గురించి నేనే తీర్పు చెప్పుకోవడం బావుంటుందా అని నేను అడగలేదు. నేను సాధారణంగా ఏమీ అడగను. మంచి పరిశోధకురాలినని నాకు పేరు రావడానికి అదే కారణం. రెండు వందల పన్నెండు ఫుట్‌నోట్లు పెట్టి, ఫెలోలు ఉద్యోగులు కారనీ, కార్మికులు అసలే కారనీ, అతిథికీ విద్యార్థికీ నడుమ ఎక్కడో మసలుతుండే 'సందర్శక మేధస్సు' అనీ తేల్చాను. ఆ ఏడు ఉత్తమ వ్యాసం బహుమతి దానికే ఇచ్చారు. గాజు జ్ఞాపిక. దాని మీద పేరుండదు, 'విజేత' అని మాత్రం ఉంటుంది. పదకొండు నెలల తర్వాత వెనక్కి తీసుకున్నారు.

మా అమ్మ ఆ వారం ఫోన్ చేసింది.

"ఇంతకీ నీది ఉద్యోగమేనా? పిన్ని అడుగుతోంది."

"కాదమ్మా. మొన్ననే తేలింది."

"ఎవరు తేల్చారు?"

"నేనే. వ్యాసం రాశాను."

"నీకు వేరే పనేం లేదా?"

"లేదనే తేలిందమ్మా. మూడో అధ్యాయంలో ఉంది."

మా కేంద్రానికి ఒక ఆచారం ఉంది. అక్కడ ఏ వాక్యమూ తన కాళ్ళ మీద తాను నిలబడకూడదు. ఇంకెవరో, ఇంకెక్కడో, వీలైతే చనిపోయినవాళ్ళు, అంతకుముందే అని ఉండాలి. ఆ సంగతి అడుగున చిన్న అక్షరాలతో వేయాలి. ఈ ఆచారానికి కాపలా ఉండేది మా పత్రిక సంపాదకులు. ఆయన్ను అందరూ కామా గారు అంటారు. ఒక కామా ఉండాలా వద్దా అన్నది తేలక ఒకసారి సంచికను ఎనిమిది నెలలు ఆపారు. (తీసేశారు. తర్వాతి సంచికలో విచారం ప్రకటించి మళ్ళీ పెట్టారు.) ఎర్ర పెన్నుకు దారం కట్టి చొక్కా గుండీకి వేలాడదీసుకుంటారు.

ఓ రోజు నేను ఆయనతో "ఇవాళ వాన పడేట్టుంది సార్," అన్నాను.

"ఎవరన్నారు?"

"నేనే సార్. కిటికీలోంచి చూశాను."

ఆ కిటికీ ఎన్నో ముద్రణ అని ఆయన అడగలేదు గానీ, ఆ ప్రశ్న ఆయన ముఖంలో ఉంది. గొడుగు తీసుకోకుండానే వెళ్ళారు. మర్నాడు తుమ్ముతూ వచ్చి, "సాయంత్రం వాతావరణ శాఖ ప్రకటన చూశాను. మీరు చెప్పింది సరైనదే," అని ఒప్పుకున్నారు. న్యాయమైన మనిషి.

నేను చదివిన పల్లెటూరి బడిలో ఐదు తరగతులకూ కలిపి ఒక్కరే మాస్టారు. ఆయన మమ్మల్ని తరిమి, "బయటికి పోయి చూసింది రాసుకు రండి," అనేవారు. నేను గోడ పక్కన కూర్చుని చీమలబారును చూసి రాసేదాన్ని. ఆ దురలవాటు పోగొట్టడానికి మా కేంద్రానికి రెండేళ్ళు పట్టింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. (మా పద్ధతిలో అయితే దీనికి ముందు ఇంకో అధ్యాయం ఉండాలి.)

మా కేంద్రం మూడంతస్తుల భవనం. దాన్ని పొద్దున్నే తెరిచి, ఊడ్చి, తడిబట్ట పెట్టి, బల్లలు తుడిచి, చెత్తబుట్టలు ఖాళీ చేసే మనిషి ఒకామె ఉంది. నాకన్నా వయసులో చాలా పెద్దది, అందుకని పెద్దక్కా అంటాను. పదకొండేళ్ళుగా చేస్తోంది. మిగతావాళ్ళు పదకొండు గంటలకు వస్తారు. ఆ వేళకు వచ్చేవారికి శుభ్రత కనిపిస్తుంది గానీ, శుభ్రం చేసేవాళ్ళు కనిపించరు. కంటికి కనిపించేవాళ్ళే కార్మికులన్న మా మూడో నిర్వచనం అక్కడే పుట్టిందని నా అనుమానం. నేను మాత్రం ఏడింటికే వస్తాను, నేనుండే అద్దెగదిలో బల్ల వేసే చోటు లేదు, లైబ్రరీలో మంచి కుర్చీ పట్టుకోవాలి గనక.

నెల మొదటి వారంలో ఒక పొద్దున పెద్దక్క చీపురు గోడకు ఆనించి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"చెల్లెమ్మా, వచ్చే ఒకటో తారీఖు నుంచి ఈ పని ఏదో కంపెనీకి ఇస్తున్నారంట. వాళ్ళ మనుషులు వాళ్ళకున్నారంట. నన్ను తాళాలిచ్చేసి పొమ్మన్నారు."

"ఎవరన్నారు?"

"మీ డైరెక్టర్ గారే. ఎవరన్నారంటావేంటి, నన్ను పొమ్మనడానికి పక్కూరి నుంచి వస్తారా?"

ఆమె అప్పటికే కార్మిక అధికారి దగ్గరికి వెళ్ళివచ్చింది. (మా కేంద్రం నుంచి ఆ ఆఫీసుకు స్వయంగా వెళ్ళిన మొదటి వ్యక్తి ఆమే. మేము ఆ ఆఫీసు మీద రెండు పుస్తకాలు వేశాం.) ఆయన విని, పదకొండేళ్ళు పనిచేసిన మనిషిని ఇలా తీయడానికి లేదనీ, అయితే చేసినట్టు కళ్ళారా చూసినవాళ్ళు ఎవరైనా ఒక్క కాగితం రాసి సంతకం పెట్టాలనీ చెప్పాడట. ఇరవయ్యో తారీఖున రెండు పక్షాలనూ పిలుస్తానన్నాడట. కాగితం ఉంటే పని ఉంటుంది, లేకపోతే లేదు.

"నువ్వు రోజూ చూస్తావుగా. నీ కుర్చీ కింద ఊడవాలంటే కాళ్ళెత్తమని నేనే చెప్పాలి, లేకపోతే నీకు నేనొచ్చినట్టే తెలీదు. నాలుగు ముక్కలు రాసివ్వు. ఈమె ఇక్కడ పనిచేస్తుంది, నేను చూశాను. అంతే. నీకున్న చదువుకి అదో లెక్కా?"

"లెక్కేం కాదు పెద్దక్కా. సాయంత్రానికి రాసిస్తాను," అన్నాను.

చట్టం దృష్టిలో నేను చేసిన మొదటి అబద్ధపు ప్రకటన అదే.

కొండను తవ్వి ఎలుకను పట్టడం లోకంలో ఉన్నదే. మా శాస్త్రం అంతకన్నా కష్టమైనది. మాకు ఎలుకను చూపిస్తే దాని చుట్టూ కొండను కడతాం. 'ఈమె ఇక్కడ పనిచేస్తుంది' అని రాసి పెన్ను ఎత్తానో లేదో, 'ఇక్కడ' దగ్గర చెయ్యి ఆగింది. భవనం ఒక ట్రస్టుది, కేంద్రం మరొక సంఘానిది. ఊడ్చిన నేల ఎవరిదో తేలాలి. 'పని' దగ్గర కార్మికుడి పందొమ్మిది నిర్వచనాలూ వచ్చి క్యూలో నిలబడ్డాయి. 'చేస్తుంది' అన్నది వర్తమానమా, అలవాటా? సాయంత్రానికి ఆ ఒక్క వాక్యానికి పదకొండు ఫుట్‌నోట్లు తయారయ్యాయి. నాకు లోలోపల గర్వంగానే ఉందని ఒప్పుకోవాలి.

రెండో వాక్యం మరీ మొండికేసింది. 'నేను చూశాను.' దీనికి మూలం ఏది? నన్ను నేను ఉటంకించుకుందామంటే ఇంతకుముందు నేనెక్కడా ఆ మాట అచ్చు వేయించలేదు. బయటి ఆధారాలు వెతికాను. హాజరు పట్టిక ఉద్యోగులకు మాత్రమే. మా కేంద్రంలో అది ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒక్క సంతకం లేకుండా తెల్లగా ఉంది. కెమెరాలో ఏడు రోజుల బొమ్మలే ఉంటాయి. వాటిలో వరండా ఉంది, జరుగుతున్న బకెట్ ఉంది, వంగిన వీపు ఒకటుంది, ముఖం లేదు. ఊడ్చేవాళ్ళు కిందికి చూస్తారు, కెమెరా పైన ఉంటుంది. లైబ్రరీలో పారిశుధ్య శ్రమ మీద మూడు బీరువాల నిండా పుస్తకాలున్నాయి. వాటి మీద దుమ్ము లేదు. దుమ్ము లేకపోవడాన్నే ఆధారంగా చూపిస్తే ఎలా ఉంటుందా అని ఆలోచించాను. కానీ దానికి వేరే కారణాలు కూడా ఉండవచ్చు: ఆ పుస్తకాలను ఎవరైనా తీసి చదువుతుండవచ్చు. (ఈ అవకాశాన్ని పరిశీలించి కొట్టివేశాను.)

నాలుగో రోజు కామా గారి దగ్గరికి వెళ్ళాను. అప్పటికి పద్నాలుగు పేజీలు.

"చూశానంటున్నారు. ఏ పద్ధతిలో చూశారు?" అన్నారు.

"కుర్చీలో కూర్చుని సార్."

"అది పద్ధతి కాదు, భంగిమ." ఎర్ర పెన్ను అందుకున్నారు. "ఒక పని చేయండి. దీన్ని ముందు మన పత్రికలో ప్రచురించండి. అచ్చయ్యాక అది ఆధారం అవుతుంది. అప్పుడు ఆ ఆధారాన్ని చూపించి ఆమెకు కాగితం రాసివ్వండి. ఎవరూ వేలెత్తి చూపలేరు."

"ఇరవయ్యో తారీఖు లోపల కావాలి సార్."

"ఏ సంవత్సరం?"

ఆయనది మంచి మనసు. విషయం చెప్పాక నొచ్చుకుని, వ్యాసాన్ని ఆ రోజే సమీక్షకుడికి పంపించారు. మామూలుగా ఆరు నెలలు పట్టే సమీక్ష ఆరు రోజుల్లో వచ్చింది. విషయం ముఖ్యమైనదేనట. అయితే ఒక్క వ్యక్తిని ఆధారం చేసుకుని 'ఈ వ్యక్తి ఊడుస్తుంది' అనే నిర్ధారణకు రావడం తొందరపాటు అవుతుందట. పోల్చి చూడటానికి ఎవరూ ఊడవని భవనం ఒకదాన్ని కూడా పదకొండేళ్ళు పరిశీలించాలట.

ఇదిగాక నైతిక అనుమతి ఒకటి కావాలి. మనుషుల మీద చేసే పరిశోధన గనక పెద్దక్క సమ్మతిపత్రం నింపాలి. తొమ్మిది పేజీలు. ఆమెకు చదివి వినిపించాను. మొదటి పేజీలోనే ఒకచోట ఆపింది.

"ఏదీ, ఆ ముక్క మళ్ళీ చదువు."

"ఈ పరిశోధనలో పాల్గొన్నా, పాల్గొనకపోయినా, మీ ఉద్యోగానికి ఎలాంటి భంగమూ కలగదు."

"మరి ఇందులోనే ఉంది కదా, నా ఉద్యోగానికేం కాదని. ఈ కాగితమే పట్టుకెళ్ళి ఆఫీసర్‌కి ఇవ్వనా?"

"లేదు పెద్దక్కా. అది అందరికీ వేసే వాక్యం. అర్థం ఉండదు."

"అర్థం లేనిది తొమ్మిది పేజీలు, అర్థం ఉన్న నాలుగు ముక్కలకి ఇంత కష్టం," అంటూ తొమ్మిదింటి మీదా సంతకం పెట్టింది.

రోజూ పొద్దున నా కుర్చీ దగ్గర ఆగేది.

"అయిందా?"

"ఉపోద్ఘాతం అయింది పెద్దక్కా."

మర్నాడు, "అయిందా?"

"పూర్వ పరిశోధనల సమీక్షలో ఉన్నాను."

"గుప్పెడు అడిగితే గాదె నింపిస్తానంటావు. నిండేదాకా నేనుండొద్దూ?"

నేను నవ్వి ఇంకో ఫుట్‌నోటు మొదలుపెట్టేదాన్ని. (నా గడువు పొడిగింపు కాగితం అదే నెల ఇరవై ఐదున డైరెక్టర్ గారి సంతకానికి వెళ్ళాల్సి ఉంది. ఈ విషయానికీ నా ఫుట్‌నోట్లు పెరుగుతూ పోవడానికీ సంబంధం ఉన్నదని నిరూపించే పరిశోధన ఏదీ నా దృష్టికి రాలేదు.)

పంతొమ్మిదో తారీఖు పొద్దునకు వ్యాసం నలభై ఒక్క పేజీలు అయింది. పెద్దక్క బకెట్ కింద పెట్టి, చేతులు తుడుచుకుని, కాగితాల కట్టను రెండు చేతులతో అందుకుంది. బరువు చూసింది.

"ఇంత రాశావా నా గురించి?" గొంతులో సంతోషం వినిపించింది. అదే నాకు ఇబ్బందిగా తోచింది. "చివర్న ఏముంది? చూశానని ఉందా?"

"చివర్న... మరింత పరిశోధన అవసరం అని ఉంది."

ఆమె కట్టను మెల్లగా బల్ల మీద పెట్టింది. అంచులు సరిచేసింది. పదకొండేళ్ళుగా మా కాగితాల అంచులు సరిచేస్తున్న చేతులు అవి. తర్వాత తడిబట్ట పిండుతూ నా వైపు చూడకుండా అంది.

"కాగితం వద్దులే. రేపు నువ్వే నాతో రా. ఆయన అడుగుతాడు. చూశానని నోటితో చెప్పు. ఆ ఒక్క ముక్క చెప్పేసి వచ్చేద్దువుగాని."

"వస్తాను పెద్దక్కా," అన్నాను. వెళ్ళాను కూడా. అది నా ఖాతాలో వేయాలి.

కార్మిక అధికారి గది చిన్నది. బల్ల మీద అద్దం, అద్దం కింద ఎవరివో పాత విజిటింగ్ కార్డులు, గోడ పొడవునా తాడుతో కట్టిన ఫైళ్ళు. ఫ్యాను తిరిగినప్పుడల్లా పై ఫైళ్ళ అట్టలు లేచి పడుతున్నాయి. ఆ గదిలో ఎవరూ ఊడ్చినట్టు లేదు. (సమీక్షకుడు అడిగిన భవనం ఇదే కావచ్చని నాకు తట్టింది. ఆ సమయంలో తట్టింది అదే.) అధికారి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, పెద్దక్కను కూర్చోమన్నాడు. ఆమె నిలబడే ఉంది.

మా డైరెక్టర్ గారు అప్పటికే వచ్చి ఉన్నారు. నన్ను చూసి కోప్పడలేదు. "మీరు రావడం సంతోషం. యువ పరిశోధకులు ఇలాంటి చోట్లకి రావాలి," అన్నారు మనస్ఫూర్తిగా. ఆయన చేతిలో మా పత్రిక పాత సంచిక ఉంది.

"ఏమ్మా," అన్నాడు అధికారి నాతో, "ఈమె ఆ భవనంలో పనిచేస్తుండగా మీరు చూశారా?"

మూడక్షరాల మాట. నోట్లో సిద్ధంగానే ఉంది. పెద్దక్క నా వైపు చూస్తోంది. నేను నోరు తెరిచాను. అయితే నాకన్నా ముందు నా ఐదేళ్ళ శిక్షణ మాట్లాడింది.

"అలా చూసినట్టుగా భావించేందుకు అవకాశం ఉందండి."

అధికారి పెన్ను ఆగింది. "అంటే?"

"అంటే, సదరు సమయంలో, సదరు ప్రదేశంలో, ఊడవడాన్ని పోలిన చర్య ఒకటి జరుగుతున్నట్టు నాకు అనిపించిందనడానికి ప్రాథమికంగా కొన్ని..."

"ఈమె ఊడ్చిందా, ఊడవలేదా?"

"కొన్ని పరిమితులకు లోబడి, ఊడ్చారండి."

"పరిమితులేంటి చెల్లెమ్మా," అంది పెద్దక్క అయోమయంగా. "మూడంతస్తులూ ఊడ్చాను కదా."

అధికారి ఏదో రాసుకున్నాడు. తలకిందులుగా ఉన్నా నేను చదవగలిగాను: 'సాక్షికి కచ్చితంగా తెలియదు.' అంత శుభ్రమైన, ఫుట్‌నోటు అక్కర్లేని వాక్యాన్ని నేను చాలా కాలంగా చూడలేదు.

అప్పుడు డైరెక్టర్ గారు పత్రిక తెరిచి బల్ల మీద పెట్టారు.

"ఈ అమ్మాయి చాలా ప్రతిభావంతురాలండి. అయితే మా ఉద్యోగి కాదు. సందర్శకురాలి కిందికి వస్తుంది. సందర్శకులకి లోపలి పనుల గురించి తెలిసే వీలుండదు. ఈ మాట నాది కాదు. పద్నాలుగో పేజీ, రెండో పేరా చూడండి. ఆమెదే."

అధికారి కళ్ళజోడు దించుకుని చదివాడు. "ఇది మీరే రాశారా?"

"నేనేనండి."

"ఇందులో ఉన్నది నిజమేనా?"

"ఇద్దరు సమీక్షకులు ఒప్పుకున్నారండి."

ఆయన పత్రిక మూసి డైరెక్టర్ గారి వైపు తిరిగాడు. "పోనీ, మీ కేంద్రంలో ఉద్యోగులు ఎవరో చెప్పండి. వాళ్ళని పిలుస్తాను."

డైరెక్టర్ గారు నిజాయితీగా ఆలోచించారు. "నేను గౌరవ హోదాలో ఉన్నానండి. సంపాదకులు స్వచ్ఛందంగా చేస్తారు. ఆఫీసులో కూర్చునేవాళ్ళు శిక్షణలో ఉన్నారు, పన్నెండేళ్ళ నుంచి. గేటు దగ్గరి మనిషి వేరే సంస్థ తాలూకు. ఫెలోలు సందర్శకులు."

"ఈమె?"

"ఈమె అలవాటు కొద్దీ వస్తుంటుందండి."

అధికారి చెడ్డవాడు కాడు. ఆ రోజు ఇంకా నలభై మంది బయట బెంచీల మీద ఉన్నారు. పది నిమిషాలు రాసి చదివి వినిపించాడు. ఉద్యోగులెవరూ లేని ప్రదేశం పనిచోటు కాజాలదు. పనిచోటు కాని ప్రదేశంలో జరిగేది పని కాజాలదు. పని కానిదాని నుంచి ఎవరినీ తీసివేయడం సాధ్యం కాదు. కనుక ఫిర్యాదుదారును ఎవరూ తీసివేయలేదు. ఫిర్యాదు ముగిసినది.

"నిన్ను ఎవరూ తీసేయలేదమ్మా," అని ఆమెకు విడిగా, నెమ్మదిగా చెప్పాడు.

"అయితే ఒకటో తారీఖున రానా?"

"రావొచ్చు. తలుపు తీయాలని మాత్రం వాళ్ళ మీద రూలు లేదు."

మెట్ల దగ్గర పెద్దక్క ఆగింది. ఏడవలేదు, తిట్టలేదు. తిడితే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

"చూశానని చెప్పడానికి అంత భయమెందుకే?"

"భయం కాదు పెద్దక్కా. కచ్చితంగా చెప్పాలని."

"నేను కాళ్ళెత్తమన్నప్పుడల్లా ఎత్తేదానివి. ఏమీ చూడకుండానే ఎత్తావా?"

ఆమె నడుము దగ్గర దోపుకున్న తాళాల గుత్తి తీసి నా చేతిలో పెట్టింది. "మీ డైరెక్టర్ గారికి ఇచ్చేయి. నేను మళ్ళీ అటు రాను."

ఏదో ఒకటి చేయాలనిపించింది. "తాళాలు ముట్టినట్టు రసీదు రాసివ్వనా?" అన్నాను.

"ఎన్ని పేజీలు?" అని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ ఉత్తర్వు మా శాస్త్రంలో మైలురాయి అయింది. పత్రిక దాని మీద ప్రత్యేక సంచిక తెచ్చింది. రెండు రోజుల సదస్సు జరిగింది; అందులో ప్రారంభోపన్యాసం నాది. పాఠ్యప్రణాళికలో కూడా చేరింది. పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా వస్తుంది. నా గడువును ఇరవై ఐదో తారీఖుననే పొడిగించారు. 'సమతుల్య దృష్టికి గుర్తింపుగా మరో పదకొండు నెలలు' అని రాశారు. పెద్దక్క మీద నేను రాసిన వ్యాసం కూడా ఎనిమిది నెలలకు ఆమోదం పొందింది. సమీక్షకుడు ఒక్క సవరణే అడిగాడు: ఆమె ఇప్పుడు ఊడవడం లేదు గనక 'ఊడుస్తుంది' అన్నచోటల్లా 'ఊడ్చేదని చెబుతారు' అని మార్చమన్నాడు. మార్చాను.

పెద్దక్క ఇప్పుడు ఎక్కడుందని మీరు అడగవచ్చు. తెలియదు. మా అధ్యయన పరిధి గేటు వరకే.

కొత్త కంపెనీ మాత్రం రాలేదు. వాళ్ళు మనుషులను పనిచోట్లకే పంపుతారట. ఉత్తర్వు చదివి, మాది పనిచోటు కాదు గనక పంపలేమని మర్యాదగా ఉత్తరం రాశారు. రెండు వారాల్లో మెట్ల మీద అడుగుల గుర్తులు పడ్డాయి. మూడో వారానికి కామా గారికి దగ్గు మొదలైంది. డైరెక్టర్ గారు కమిటీ వేశారు. పనిచోటు కాని చోట ఊడవడం పని కాదు గనక దానికి మనిషిని పెట్టడం కుదరదనీ, ఫెలోలు వంతులవారీగా చేస్తే అది క్షేత్ర అధ్యయనం కిందికి వస్తుందనీ కమిటీ తేల్చింది. ఆ నివేదిక రాసింది నేనే. ఎనభై ఆరు ఫుట్‌నోట్లు.

నా వంతు సోమ, గురువారాలు. ఏడింటికి వెళ్ళి మూడంతస్తులూ ఊడ్చి, తడిబట్ట పెడతాను. ఇంతవరకు ఎవరూ చూడలేదు.